ఎడమచేతి కుట్టు

తెరవకు. ముందు వాసన చూడు.
పాత తోలుకి చేపనూనె వాసన,
అడుగున ఎక్కడో కాస్త గుర్రం చెమట.
టీ డికాక్షన్‌లో నానబెట్టి ముసలిదాన్ని చేసినదైతే
ఎన్ని ఎండలు చూపించినా టీ దాక్కోదు.

కూర్చో టిలెన్. ఆ స్టూలు మీద కాదు, దాని కాలికి నమ్మకం లేదు.
ఇవాళ సోచా నది పొంగింది,
గట్టిగా మాట్లాడితే కోప్పడుతున్నాననుకోకు.

తూటాల సంచి అంటారు గానీ
ఈ బల్ల మీద విప్పినవాటిలో
పొగాకు పొడి చూశాను, కొడవలి నూరే రాయి చూశాను,
ఒకదాంట్లో ఎలుక పిల్లల్ని పెట్టి వెళ్ళిపోయింది.
కొరికిన మూలకి ముప్ఫై యూరోలు తగ్గించాను.

గుండీ చూడు, ఇత్తడి.
యుద్ధం ముదిరాక చర్చి గంటల్నే కరిగించిన సామ్రాజ్యానికి
సిపాయి నడుము మీదికి ఇత్తడి ఎక్కడిది?
ఇనుప గుండీలొచ్చాయి.
ఆఖరికి తోలు కూడా పోయి
కాగితపు నార నేసిన సంచులు,
వానకి తడిస్తే అప్పడాలు.
ఇప్పుడు వాటికే ఎక్కువ ధర,
మిగలవలసినవి కావు కనక.

నీదాని మీద పదహారు అని ముద్ర.
పదహారుకి ఇత్తడా?
అదొక్కటే అయితే ఊరుకునేదాన్ని,
ఏ డిపోలోనో పాత గుండీలు మిగిలి ఉండొచ్చు.
ఊదా దీపం కింద పెట్టాను, దారం మెరవలేదు.
జనపనార, మైనం పట్టించింది. నిఖార్సైన దారం.

కానీ కుట్టు వాలు చూడు.
అన్ని సంచుల మీదా ఒకవైపు ఒరిగే వాన
దీని మీద ఎదురుగాలికి పడింది.
ఈ లోయలో ఎడమచేత్తో ఆరె పట్టిన జీనుపనివాడు
ఒక్కడే.

ఫ్లోర్యాన్. మా నాన్న.

డెబ్బై నాలుగులో గుర్రాలు పోయాయి, ట్రాక్టర్లకి జీను అక్కర్లేదు.
మెడలో కెమెరాలేసుకుని బస్సుల్లో దిగినవాళ్ళు
యుద్ధంలోది ఏదైనా ఉందా అని అడిగేవాళ్ళు.
నాన్న వాళ్ళకి యుద్ధం కుట్టిపెట్టాడు.
అక్రోటు తొక్క రసం పూసి
నెల రోజులు మేకల కొట్టంలో తొక్కించి
చివర్న నాకిచ్చాడు, బడి బల్ల మీద వేసుకోమని.
"కుదురుగా కూర్చుంటే తంతాను" అన్నాడు.

ఈ మూత నునుపు, వేలు పెట్టి చూడు.
సిపాయి పొట్టకి రాసుకుని వచ్చింది కాదు.
మూడో తరగతి లెక్కలు రాక
అటూ ఇటూ జరిగిన నాది.

మీ ముత్తాత రోంబోన్ కొండ ఎక్కాడన్నావు.
ఎక్కే ఉంటాడు.
ఇది ఎక్కలేదు.

మీ తాత నాకు గుర్తే.
గుమ్మంలో టోపీ తీసి చేతిలో పట్టుకుని
ఏ సంవత్సరందని గానీ, ఎవరిదని గానీ
ఒక్క మాట అడగలేదు.
తండ్రిదంటూ ఇంట్లో ఏదో ఒకటి ఉండాలి అన్నాడు, అంతే.
నాన్న మొదటిసారి బేరం ఆడకుండా తల వంచుకున్నాడు.

చిమ్నీ బాగుచేయించాలన్నావు కదూ.
సంతలో పెడితే రెండొందల నలభై కళ్ళు మూసుకుని ఇస్తారు.
ఆ మాట నా నోట రాదు,
అబద్ధం మా ఇంటిదే అయినా.
నా పుస్తకంలో దీని ధర సున్నా.
లే, అప్పుడే మొహం అలా పెట్టకు.

నాన్న ఏనాడూ ఒంటిది అమ్మలేదు.
నడుముకి అటొకటి ఇటొకటి, జత.
రెండోదాని మీద మా చెల్లి రెజ్కా కూర్చునేది.
ఒక జనవరిలో చలికి ఆపుకోలేక దాన్ని తడిపేసింది.
ఎడమ మూల మచ్చ పడింది.
నెత్తురని చెప్పి నాన్న ఇరవై దినార్లు ఎక్కువ తీసుకున్నాడు,
ఆ రాత్రి దాని మొహం చూడలేక మేకల దగ్గర పడుకున్నాడు.

రెజ్కా పోయి పదకొండేళ్ళు.

వెళ్ళి మీ అటక వెతుకు.
పాత పరుపుల కింద, చిమ్నీ పక్కన, పొడిగా ఉండే చోట.
దొరికితే నన్ను ధర అడక్కు.
నువ్వే చెప్పు.